రింగుల మీద ఎర్ర గీత

గోళ్ళకు రంగు వేసుకునే అలవాటే లేని మనిషి ఏడాదికి నాలుగు సీసాల గోళ్ళ రంగు కొంటుందంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. వీధి మలుపులో దువ్వెనలూ రిబ్బన్లూ అమ్మే షాపు అమ్మాయికి కూడా అలాగే ఉండేది. ఎప్పుడు వచ్చినా ఎరుపే కావాలి, అదీ దూరం నుంచి కూడా కనిపించే ఎరుపు. ఒకరోజు ఆ పిల్ల ఉండబట్టలేక, "ఇదంతా ఎవరికక్కా?" అని అడిగేసింది.

"రైఫిళ్ళకి," అంది ఆవిడ.

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. చిల్లర తీసుకుని, సీసా సంచీలో వేసుకుని పనికి వెళ్ళిపోయింది.

ఆవిడ తుపాకుల మేస్త్రీ. ఊరి చివర షూటింగ్ క్లబ్బు ఉంది. వరసగా పన్నెండు బల్లలు, ఎదురుగా ఎత్తయిన మట్టికట్ట, దాని ముందు కాగితం మీద అచ్చేసిన గురిపటాలు. బల్లల వెనక, స్టోరుగదికీ నీళ్ళ ట్యాంకుకీ నడుమ ఇరుక్కుపోయిన గది ఆవిడది. ఒక కిటికీ, ఒక బెంచీ, బెంచీకి బిగించిన ఇనప పట్టకారు, రైఫిలుకు గీతలు పడకుండా దాని దవడలకు అతికించిన పాత బెల్టు ముక్కలు. మందు సీసాల మూతల్లో సైజుల వారీగా మరమేకులు. ఎదురు గోడ మీద గుండు కట్టిన దారం ఒకటి నిటారుగా వేలాడుతుంటుంది. ఆ గదిలో వంకర లేనిది ఆ దారం ఒక్కటే అని ఆవిడే అంటుంది. క్లబ్బులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ 'మరమేకుల అక్క'. మొదట ఎగతాళికి పెట్టిన పేరే. పోనుపోను అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అంతకుముందు ఆ గది మామగారిది. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బస్సు నడుపుతాడు, చిన్నవాడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఇద్దరిలో ఒక్కడూ ఆ గది గడప తొక్కలేదు. పెద్దకోడలిగా వచ్చిన ఈవిడ ఒకరోజు ఆయనకు క్యారియరు ఇవ్వడానికి వెళ్ళి, ఆయన స్కోపు బిగిస్తుంటే చూస్తూ నిలబడిపోయింది. క్యారియరు చల్లారిపోయింది. ఆయన తల ఎత్తి, "ఊరికే నిలబడకపోతే ఇలా వచ్చి ఈ రసమట్టం పట్టుకో అమ్మాయ్," అన్నారు. పట్టుకుంది. ఇరవై రెండేళ్ళయింది, ఇంకా వదల్లేదు.

స్కోపంటే రైఫిలు నెత్తిన కూర్చునే దుర్భిణి. దాన్ని రైఫిలుకు పట్టి ఉంచేవి రెండే రెండు రింగులు. స్కోపుకు ఊరంతా తిరిగి బేరమాడే పెద్దమనుషులు రింగుల దగ్గరికి వచ్చేసరికి, ఏదో ఒకటి వెయ్యమ్మా అంటారు. అక్కడే ఆవిడకు ఒళ్ళు మండుతుంది. ముందు స్కోపు గొట్టం లావు చూడాలి. ముప్పై మిల్లీమీటర్ల గొట్టానికి ముప్పై రింగే పడుతుంది. తరవాత ఎత్తు. రింగు మరీ పొట్టిదైతే ముందరి అద్దం వెళ్ళి రైఫిలు గొట్టానికి తగులుతుంది. మరీ పొడుగైతే కాల్చేవాడి చెంప రైఫిలు వెనక కర్రకు ఆనదు, మెడ సాచి చూడాలి. ఆపైన వెడల్పు. రైఫిలు పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుకు స్కోపు ముందుకు జారాలని చూస్తుంది. బరువైన స్కోపుకు వెడల్పాటి రింగు, ఒక్కోదానికి నాలుగు మరమేకులు ఉండాల్సిందే.

ఎంచడం అయ్యాక బిగింపు. రింగు కూర్చునే చోట నూనె తడి లేకుండా స్పిరిటుతో తుడుస్తుంది. రసమట్టం పెట్టి రైఫిలును సమంగా నిలబెడుతుంది. స్కోపులోంచి చూస్తూ అందులోని నిలువు గీతను గోడ మీది దారంతో కలుపుతుంది. కంటికీ అద్దానికీ ఎడం చూస్తుంది. అప్పుడు మరమేకులు ఐమూలగా, ఒక్కోటీ కాస్త కాస్త, కొలత రెంచితో. కొలత రాగానే రెంచి టక్కుమంటుంది. టక్కుమన్నాక ఇంకొక్క పిసరు కూడా తిప్పకూడదు. అదేదో గట్టిగా ఉంటుందిలే అనుకునే వాళ్ళే స్కోపుల్ని చంపేది.

అన్నీ అయ్యాక గోళ్ళ రంగు సీసా మూత తీస్తుంది. ప్రతి మరమేకు తల మీంచి రింగు మీదికి సన్నగా ఒక ఎర్ర గీత. మరమేకు వెంట్రుకవాసి తిరిగినా గీత తెగిపోతుంది. ఎవరో తిప్పారని ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ అలవాటు మామగారిదే. గీత పెట్టందే పని అయినట్టు కాదు అనేవారు. ఎందుకని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. పనిలో భాగమనుకుంది.

ఇలా ఉండగా ఒక గురువారం పళ్ళ డాక్టరుగారు వచ్చారు.

డాక్టరుగారు క్లబ్బులో చిన్నాచితకా మనిషి కారు. బల్లల మీద కొత్త పైకప్పు వేయించింది ఆయనే. ఆ కప్పు కింద నిలబడిన ప్రతివాళ్ళూ అది గుర్తుంచుకోవాలని ఆయన కోరిక, గుర్తు చేస్తూనే ఉంటారు. ఆ రోజు మోచేయంత స్కోపు ఒకటి తెచ్చి బెంచీ మీద పెట్టి, జేబులోంచి డబ్బీ తీశారు. అందులో తళతళలాడే రెండు సన్నటి రింగులు.

ఆవిడ వాటిని వేళ్ళ మధ్య పెట్టుకుని చూసింది. "ఇవి వద్దండీ డాక్టరుగారూ. స్కోపు బరువు. మీ రైఫిలేమో గట్టిగా తన్నేది. వీటికి చూస్తే రెండేసి స్క్రూలే. ఆగవు. వెడల్పువి తెప్పించుకోండి, వారంలో వస్తాయి."

"అవీ చూశానమ్మా. మొద్దుల్లా ఉన్నాయి. ఇవి చూడు, ఎంత నాజూగ్గా ఉన్నాయో. ఆదివారం పక్క క్లబ్బువాళ్ళు వస్తున్నారు, వారం ఎక్కడ ఆగేది?"

"జారుతుందండీ. పది పదిహేను గుళ్ళకే జారుతుంది."

"నువ్వు బిగించాక జారడమా? నీ చెయ్యి సంగతి నాకు తెలీదా ఏంటి!"

ఇక్కడే ఉంది తిరకాసంతా. ఇరవై రెండేళ్ళలో ఆ క్లబ్బులో ఆవిడ చెయ్యి గురించి నోరారా మంచి మాట అన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. పైకప్పు వేయించిన మనిషి అనేసరికి ఆవిడ కాస్త మెత్తబడింది. సణుక్కుంటూనే తీసుకుంది. చెయ్యవలసినవన్నీ చేసింది, రెంచి టక్కుమన్న చోట ఆపింది, నాలుగు మరమేకుల మీదా నాలుగు గీతలు పెట్టింది. డాక్టరుగారు రైఫిలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం ఆవిడకు సెలవు. జరిగింది సోమవారం కాపలాదారు చెప్పాడు. మొదటి పది గుళ్ళూ గురిపటం నడిమధ్యన, బొత్తామంత చోటులో పడ్డాయట. పక్క క్లబ్బువాళ్ళు చప్పట్లు కొట్టారట. ఆ తరవాత గుళ్ళు మెల్లగా పక్కకు పోవడం మొదలెట్టాయి. డాక్టరుగారి మొహం ఎర్రబడింది. అందరూ చూస్తుండగానే కారు దగ్గరికి వెళ్ళి, డిక్కీలోంచి మూరెడు కీ ఒకటి తెచ్చి, రింగుల మరమేకులన్నీ విప్పి, స్కోపు సర్ది, మళ్ళీ మెడ నరాలు ఉబ్బేలా బిగించారట. అప్పటినుంచి గుళ్ళు ఎటు పోతున్నాయో ఆ గుళ్ళకే తెలియలేదు. పక్క క్లబ్బువాళ్ళలో ఎవరో నవ్వారు. దానికి డాక్టరుగారు, "మా మేస్త్రీ సరిగ్గా బిగించి చావలేదు," అన్నారు.

చూడండి! పొద్దస్తమానం పంటి మరమేకుల్ని కొలత చూసి బిగించే మనిషి, ఒక్క పిసరు ఎక్కువైతే దవడ ఏమవుతుందో తెలిసిన మనిషి, ఇక్కడికొచ్చి మూరెడు కీతో గింజుకున్నాడు. అదీ చాలక నేరం తెచ్చి ఆ పూట అక్కడ కూడా లేని ఆడమనిషి నెత్తిన వేశాడు.

రైఫిలు ఆవిడ బెంచీ మీదే ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. నాలుగు గీతలూ తెగి ఉన్నాయి. రింగుల అంచులు గొట్టంలోకి దిగి నొక్కులు పడ్డాయి. స్కోపు మీద గురి సర్దే బిళ్ళ తిప్పితే లోపల ఏదీ కదలడం లేదు. దాని పని అయిపోయింది. ఇంకొకటి కూడా కనిపించింది. మొదట రింగు అంచు ఉన్న చోట గొట్టం మీద నువ్వుగింజంత మెరుపు గీత. అంటే డాక్టరుగారు ముట్టుకోకముందే స్కోపు ఆ కాస్తా జారింది. ఆ మెరుపు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు నిలబడింది. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం సెక్రటరీగారు ఆఫీసు గదికి పిలిపించారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. రూల్సంటే ప్రాణం. బల్లల దగ్గర సిగరెట్టు కాల్చినా, ఖాళీ గుండు తొడుగులు ఏరకుండా పోయినా, క్షమాపణ రాసి ఇవ్వాలి. ఆ కాగితం ఏడు రోజులు నోటీసు బోర్డు మీద ఉండాలి. ఆ రూలు ఆయనే పెట్టారు, దాన్ని తనకు తానే మెచ్చుకుంటుంటారు కూడా. ఇప్పుడు బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. నా అజాగ్రత్త వల్ల డాక్టరుగారి స్కోపు సరిగా బిగించక పాడుచేశాను, క్షమించగలరు. కింద సంతకానికి చుక్కల గీత.

ఆవిడ రైఫిలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇవి చూడండి. నాలుగు గీతలూ తెగాయి. నేను పెట్టిన గీతలు నేనే తెంచుకుంటానా?"

"నాకు తెలుసమ్మా," అన్నారు సెక్రటరీగారు.

"తెలిసే సంతకం అడుగుతున్నారా?"

ఆయన ఫ్యాను వైపు చూశారు. "ఆయన బయటివాళ్ళ ముందు ఒక మాట అనేశారు. ఇప్పుడు ఆ మాట నిలబడాలి. పెద్దాయన, బోర్డు మీద కాగితం చూస్తేగానీ ఊరుకోనంటున్నారు. ఒక్క సంతకమే కదా. వారం పోతే ఎవరికి గుర్తుంటుంది చెప్పు?"

"పెట్టకపోతే?"

"శుక్రవారం కమిటీ ఉంది. పెట్టకపోతే బెంచీకి వేరే మనిషిని చూసుకోమంటారు. నా చేతిలో ఏముంది?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకు. ఆయన ఆ అబద్ధాన్ని నిజమని నమ్మి అడిగినా బాగుండేది. వాదించొచ్చు, గీతలు చూపించొచ్చు. నిజం తెలిసీ, చేతిలో పట్టుకునీ, ఒక్క సంతకమే కదా అంటుంటే ఎవరితో వాదిస్తారు? కాగితం మడిచి బొడ్లో దోపుకుని బయటికి వచ్చేసింది. ఇంటిదాకా నడిచే వెళ్ళింది. దారిలో రెండు బస్సులు ఆగినా ఎక్కలేదు. రెండోది మొగుడి బస్సేనని అతను ఇంటికొచ్చి చెబితే గానీ తెలియలేదు.

ఇంట్లో మామగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని మరమేకులు ఏరుతున్నారు. చేతులు వణుకుతాయి గానీ వేళ్ళకు సైజులు ఇంకా తెలుసు. జరిగిందంతా ఆవిడ ఒక్క బిగిన చెప్పి కాగితం ఆయన ముందు పడేసింది. ఆయన అగ్గిమీద గుగ్గిలం అవుతారనుకుంది.

"పెట్టెయ్యమ్మా సంతకం," అన్నారాయన.

"ఏంటి మామయ్యగారూ!"

"పెట్టెయ్. నేను పెట్టలేదా?"

ఆవిడకు ఒక క్షణం అర్థం కాలేదు. ఆయన పళ్ళెంలోకి చూస్తూనే చెప్పారు. ముప్పై అయిదేళ్ళ కిందటి సంగతి. ఒక వకీలుగారి రైఫిలు. వాళ్ళ బావమరిది రింగులు విప్పి, తుప్పు పట్టకుండా ఉంటుందని శుభ్రంగా నూనె పూసి బిగించాడు. స్కోపు జారిపోయింది. మేస్త్రీయే నూనె పూశాడని రాయించుకున్నారు.

"నేను ముట్టుకోలేదని చూపించడానికి నా దగ్గర ఏముంది అప్పుడు? ఇంట్లో ఇద్దరు పిల్లలు. రాసిచ్చాను. బెంచీ దక్కింది. ఆ మర్నాడే మీ అత్తయ్య పెట్టెలోంచి రంగు సీసా పట్టుకెళ్ళాను."

ఇరవై రెండేళ్ళుగా ప్రతి మరమేకు మీదా పెడుతున్న గీత ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకు ఇప్పుడు తెలిసింది. ఆయన మీద జాలి పడాలో కోప్పడాలో తెలియలేదు. కోపమే ముందొచ్చింది.

"మీ దగ్గర అప్పుడు గీత లేదు, పెట్టారు. నా దగ్గర ఉంది కదా! గీత ఉండి కూడా నేనూ పెడితే ఇన్నేళ్ళూ ఆ రంగెందుకు పూసినట్టు మనం? ఈ గోడలకి పూసుకున్నా ఇల్లు అందంగా ఉండేది."

ఆయన పళ్ళెంలో ఒక మరమేకు తీసి, పక్కన పెట్టి, మళ్ళీ తీశారు. కాసేపటికి తల ఎత్తారు. అది మామగారి చూపు కాదు, పాత మేస్త్రీ చూపు.

"అయితే నీ పనిలో తప్పే లేదంటావ్."

"బిగింపులో లేదు."

"బిగింపు సంగతి అడగలేదమ్మాయ్. ఆ రింగులు ఎంచాల్సింది ఎవరు?"

ఆవిడకు గొట్టం మీది నువ్వుగింజంత మెరుపు కళ్ళ ముందుకొచ్చింది. ముఖం కడుక్కోవాలని లేచి వెళ్ళి, కొళాయి తిప్పి, అలాగే నిలబడింది.

శుక్రవారం కమిటీ గదిలో ఏడుగురు కూర్చున్నారు. డాక్టరుగారు నడిమి కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని. సెక్రటరీగారు నాలుగు గుండుసూదులు ముందే తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. ఆవిడ లోపలికి వచ్చి, టైపు కాగితం ఖాళీగానే బల్ల మీద పెట్టి, సంచీలోంచి చేత్తో రాసిన కాగితం తీసింది.

"క్షమాపణ అడిగారు. రాసుకొచ్చాను. చదువుతాను."

ఎవరూ వద్దనే లోపే చదవడం మొదలుపెట్టింది.

"డాక్టరుగారి రైఫిలుకు స్కోపు బిగించింది నేనే. ఆయన తెచ్చిన సన్న రింగులు ఆ బరువుకు ఆగవని నాకు తెలుసు. ఆయనకు చెప్పాను. వినలేదు. వినకపోతే రింగులు ఆయన చేతిలో పెట్టి పంపెయ్యాల్సింది. నీ చెయ్యి సంగతి నాకు తెలుసు అనేసరికి పొంగిపోయి బిగించాను. అందువల్ల స్కోపు నువ్వుగింజంత జారింది. ఇది నా తప్పు. దీనికి క్షమించాలి. ఆ తరవాత నా గీతలు తెంచి, మూరెడు కీతో గొట్టం నొక్కుకుపోయేలా బిగించింది నేను కాదు. ఆ క్షమాపణ ఇంకొకరు రాయాలి. ఇకమీదట ఎంతటివారు చెప్పినా, ఎంత మెచ్చుకున్నా, తగని రింగులు నా బెంచీ మీద బిగించను."

కింద సంతకం చేసి ఉంది. ఆవిడ అసలు పేరు ఇంత పొడుగుంటుందని అక్కడ చాలామందికి అప్పుడే తెలిసింది.

మూల కూర్చున్న ముసలి మెంబరు ఒకాయనకు నవ్వు ఆగక దగ్గు వచ్చింది. డాక్టరుగారు పళ్ళు కొరికారు. తన పళ్ళు కనక ఊరుకున్నారు గానీ, రోగి ఎవరైనా అలా కొరికితే తిట్టేవారే.

"ఇదేం క్షమాపణ? చించి అవతల పారెయ్యండి!" అన్నారు.

"క్షమించాలి అని ఉంది కదండీ," అంది ఆవిడ. "తప్పు ఒప్పుకున్నాను, సంతకం పెట్టాను. క్షమాపణ రాసిస్తే ఏడు రోజులు బోర్డు మీద ఉండాలని రూలు. నేను పెట్టింది కాదు రూలు."

అందరూ సెక్రటరీగారి వైపు చూశారు. ఆయన డాక్టరుగారి వైపు చూశారు, పైకప్పు వైపు చూశారు. పక్క క్లబ్బువాళ్ళకు కూడా గొప్పగా చెప్పుకున్న రూలు అది. చివరికి గుండుసూదులు తీసుకుని లేచారు.

రెండు రోజులు ఆ బోర్డు ముందు ఎప్పుడు చూసినా ఇద్దరో ముగ్గురో నిలబడే ఉన్నారు. కొందరు గుట్టుచప్పుడు కాకుండా తమ రైఫిళ్ళు తెచ్చి, "అక్కా, నా రింగులు సరైనవేనా?" అని అడిగారు. నలుగురివి సరైనవి కావు. మొహమాటం లేకుండా చెప్పింది. మూడో రోజు పొద్దున వచ్చేసరికి కాగితం లేదు. ఒక మూల, సూది కింద, వేలిగోరంత ముక్క మాత్రం మిగిలింది.

"గాలికి పోయి ఉంటుందమ్మా," అన్నారు సెక్రటరీగారు, ఆవిడ మొహం చూడకుండా.

నాలుగు సూదులు గుచ్చిన కాగితాన్ని ఎగరేసుకుపోయే గాలి ఆ బోర్డు మీది మిగతా కాగితాల జోలికి పోలేదు. ఆవిడ గదిలోకి వెళ్ళి, తెల్ల కాగితం తీసి, అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ రాసింది. కింద సంతకం చేసి, "ఇంకా అయిదు రోజులు," అని పక్కన చేర్చింది. తెచ్చి తనే గుచ్చింది. అప్పుడు సంచీలోంచి గోళ్ళ రంగు సీసా తీసి, ఒక్కో సూది తల మీంచి బోర్డు చెక్క మీదికి సన్నగా గీత గీసింది. నాలుగు సూదులు, నాలుగు ఎర్ర గీతలు. ఆరేదాకా నోటితో ఊదింది.

"ఇదెందుకమ్మా?" అన్నారు సెక్రటరీగారు.

"గీత పెట్టందే నా పని అయినట్టు కాదండీ."

ఏడో రోజు మధ్యాహ్నం మామగారు పెద్దకొడుకు బస్సెక్కి వచ్చారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన క్లబ్బులోకి అడుగుపెట్టడం అదే మొదలు. ఎవరినీ పలకరించలేదు, కోడలి గదికి కూడా వెళ్ళలేదు. బోర్డు ముందు నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివారు. తరవాత చెయ్యెత్తి నాలుగు గీతలూ ఒక్కొక్కటే వేలితో తడిమి చూశారు. ఒక్కటీ తెగలేదు.